డర్బన్‌లో ఆ పెద్దాయనకి థాంక్స్

మా తాతయ్య వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటల్లో కూలీగా వెళ్ళి అక్కడే ఉండిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది, 1911 దాకా లక్షన్నర మంది పైనే వెళ్ళారు, వాళ్ళలో మనవాణ్ణి పట్టుకోవాలంటే ఎలాగండీ? పైగా ఆ రోజుల్లో ఊరికి పదిమంది అప్పన్నలు, అప్పలస్వాములే కదా.

ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు పాత రికార్డులుండే చోటుకి పోయి ఓడ లిస్టులు ముందేసుకుని తెల్లమొహం వేశాను. పక్క టేబుల్ దగ్గరున్న పెద్దాయన, అక్కడే పుట్టి పెరిగిన తెలుగాయన, తన పని పక్కనపెట్టి నా దగ్గరకొచ్చి కూర్చున్నారు. పేరు వెతక్కు బాబూ, గుమాస్తాలు ఇష్టమొచ్చినట్టు రాసేశారు, తండ్రి పేరు, తాలూకా, ఒంటి మీద మచ్చలు రాసిన గడి చూడు అన్నారు. ఎడమ కనుబొమ మీద గాటు ఉండేదని మా నాయనమ్మ అంటుంటే కట్టుకథ అనుకునేవాళ్ళం, అదే గాటు అక్కడ రాసుంది! ఆయన పెన్సిల్‌తో ఆ వరసంతా, కూలీ నంబరుతో సహా, గుండ్రటి అక్షరాల్లో కాపీ చేసిచ్చారు. మధ్యాహ్నం తన డబ్బాలో పులిహోర సగం కూడా పెట్టారు, ఆవపిండి ఘాటు అచ్చం మా ఇంట్లో లాగే.

పేరు అడిగితే నవ్వేసి వెళ్ళిపోయారు. ఆయనకి తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదట, డర్బన్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివి వినిపించండి ప్లీజ్.