విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ: బడి వెనక ఆ పొగ ఆపించండి

అయ్యా, నమస్కారం.

మాది నెల్లూరు జిల్లాలో కోవూరు దగ్గర పల్లె. మొన్న అన్నం వేళకి మా అమ్మాయి చదివే బడికి నేనెళ్తే, గోడ వెనక చిక్కీ కవర్లు, గుడ్డు పెంకులు, పారేసిన అన్నం ఒకే కుప్పగా పోసి తగలబెడుతున్నారు. పొగంతా ఆరో తరగతి గదిలోకే. కాలని కవర్లు గాలికి కాలువలో పడి మా మడి తూములో ఇరుక్కుంటాయి. చేత్తో లాగేది నేనే.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు 2022 జులై 1 నుంచి నిషేధం. పంద్రాగస్టుకి పిల్లలకు జ్యూస్ పోసింది వాటిలోనే! హెడ్మాస్టరుని అని ఏం లాభం, చెత్తబండి బడిదాకా రాదు.

కవర్లకు వేరే డబ్బా పెట్టించి, వారానికోసారి పంచాయతీ బండి వచ్చేలా చూడండి. అన్నానికి, పెంకులకి ఎరువుగుంత మేమే తవ్వుతాం. పార కూడా మాదే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి