యొక్‌మొక్ సంత గురించి కూడా రాయండి ఎడిటర్ గారూ

ఎడిటర్ గారికి నమస్కారం అండీ. రెండు వారాల కింద మీ ఆదివారం పుస్తకంలో నార్తర్న్ లైట్స్, అదే ఉత్తర ధ్రువం వైపు దేశాల్లో రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, అవి చూపించే టూర్ల గురించి రెండు పేజీలు వేశారు, ఫోటోలు చాలా బాగున్నాయి, ఏ నెలలో వెళ్ళాలి, ఏం బట్టలు కొనుక్కోవాలి, ఎంత ఖర్చవుతుంది అన్నీ రాశారు. కానీ అక్కడ ఉండే మనుషుల గురించి మొత్తం మీద ఒక్కటే ముక్క ఉంది, అక్కడి లాప్ జాతివాళ్ళు రెయిన్‌డీర్లని మేపుకుంటారు అని. ఆ ఒక్క ముక్క గురించీ, స్వీడన్లో ఆ జనం చేసుకునే ఒక పెద్ద సంత గురించీ ఈ ఉత్తరం రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది, ఏమీ అనుకోకండి.

ముందు ఆ పేరు సంగతి. లాప్ అనేది వాళ్ళు పెట్టుకున్న పేరు కాదండీ, బయటివాళ్ళు పెట్టింది, వాళ్ళకది తిట్టులాగే వినిపిస్తుంది. వాళ్ళు తమని సామి అనుకుంటారు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా నాలుగు దేశాల ఉత్తరం కొసన ఉంటారు, ఆ నేల మొత్తాన్నీ సాప్మి అంటారు. తెలుగులో సామి అని రాయడానికి మనకేం కష్టం లేదు, మన నోటికి అలవాటైన మాటే కదా. దయచేసి ఇకమీదట అలాగే వేయండి.

నేను భద్రాచలం దగ్గర రిటైరైన టీచర్ని. సర్వీసులో ఎక్కువ కాలం కూనవరం వైపు ఏజెన్సీ ఊళ్ళలోనే చేశా, కోయ పిల్లలకే చదువు చెప్పా. మా అబ్బాయి, కోడలు స్వీడన్‌లో లూలియో అనే ఊళ్ళో ఉంటారు. అక్కడ యూనివర్సిటీ ఉంది, మన తెలుగు పిల్లలు కూడా బాగానే కనిపిస్తారు. పోయిన ఫిబ్రవరిలో నేను అక్కడే ఉన్నా, మేడారం జాతర అయిన వారమే, ఈసారి తల్లుల దగ్గరికి వెళ్ళలేకపోయానే అని మనసులో పీకుతూనే ఉంది. అది చూసి మా కోడలు, అత్తయ్యా మిమ్మల్ని ఇక్కడి జాతరకి తీసుకెళ్తా రండి అని యొక్‌మొక్ తీసుకెళ్ళింది. లూలియో నుంచి కార్లో రెండున్నర గంటలు, ఆర్కిటిక్ సర్కిల్‌కి కాస్త పైన, అంటే ఉత్తర ధ్రువం వైపు ఉంటుంది, మామూలు రోజుల్లో మూడు వేల మంది కూడా ఉండని చిన్న ఊరు. ఏటా ఫిబ్రవరి మొదటి గురువారం నుంచి శనివారం దాకా అక్కడ చలికాలం సంత జరుగుతుంది, ఆ మూడు రోజులూ వేలకి వేల మంది వచ్చిపడతారు. 1605 నుంచి లెక్క పెడుతున్నారు, అంటే 400 ఏళ్ళు దాటిపోయింది.

సంత అని ఊరికే అనట్లేదండీ, నిజంగా మన ఏజెన్సీ సంతే గుర్తొచ్చింది. పూర్వం సామివాళ్ళు తోళ్ళు, బొచ్చు, ఎండుచేపలు తెచ్చుకుని ఉప్పు, పిండి, బట్ట పట్టుకెళ్ళేవాళ్ళట. మా వైపు కోయవాళ్ళు చింతపండు, ఇప్పపువ్వు దించి ఉప్పు కట్టించుకుపోయినట్టే. ఈ సంత ఇక్కడే ఎందుకు పెట్టారయ్యా అంటే, అడవుల్లో కొండల్లో తిరిగే జనం చలికాలంలో ఒక్కచోటికి చేరతారు కాబట్టి అప్పుడైతే పన్ను వసూలు చేసుకోవచ్చు, చర్చికి రప్పించుకోవచ్చు అని అప్పటి రాజు తొమ్మిదో కార్ల్ కాలంలో పెట్టించారు. పన్ను కోసం పెట్టిన సంతని ఆ జనం తమ పండగ చేసుకున్నారు, దూరాన ఉన్న చుట్టాలని కలుసుకునేది అక్కడే.

మంచు మీద వరసగా కొట్లు. ఎంత చలి అంటే ఊపిరి వదిలితే కనురెప్పల వెంట్రుకలకి తెల్లగా పట్టేస్తుంది. రెయిన్‌డీర్లని ఒకదాని వెనక ఒకటి తాడుతో కట్టి, ఎర్రటి నీలపు బట్టలేసుకున్న కుటుంబాలు కొట్ల మధ్యలోంచి నడిపించుకుపోతుంటే జనం అటూ ఇటూ తప్పుకుని దారిచ్చారు. ఊళ్ళో గడ్డకట్టిన చెరువు మీద రెయిన్‌డీర్ల పరుగు పందేలు పెట్టారు. చిన్న పెనాల మీద పొగబెట్టిన రెయిన్‌డీర్ మాంసం వేయించి రొట్టెలో చుట్టి ఇస్తారు, సువాస్ అంటారు, ఉప్పుప్పగా బాగుంది. కాఫీలో జున్ను ముక్కలు వేసుకుని తాగుతారు, ఆ ముక్క మెత్తబడ్డాక చెంచాతో తీసుకుని తింటే పళ్ళ కింద కీచుమంటుంది. మొదట వద్దన్నా, తర్వాత రెండు కప్పులు తాగా.

ఒక ముసలామె కొట్టు దగ్గర మాత్రం అరగంట నిలబడిపోయా. చేతి పట్టీలు చేస్తోంది. రెయిన్‌డీర్ తోలు మీద జడలాగా అల్లిన తీగ కుట్టి ఉంటుంది, ఆ తీగ చూస్తే వెండిలా మెరుస్తుంది కానీ అది తగరం, కాస్త వెండి కలుపుతారట. సన్నగా లాగిన తీగని లోపల దారం పెట్టి దాని చుట్టూ దగ్గరదగ్గరగా చుడతారు, అలాంటి పోగులు నాలుగో ఐదో తీసుకుని జడ అల్లుతారు, ఆ జడని తోలు మీద పెట్టి కనిపించీ కనిపించని కుట్టు వేస్తారు, చివరన గుండీ రెయిన్‌డీర్ కొమ్ముది. ఆమె వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి, గ్లౌజులు తీసేసి కుడుతోంది, రెండు నిమిషాలకోసారి చేతులు చంకల్లో పెట్టుకుంటోంది. ఇలాంటి చేతిపనులన్నిటినీ దువోజి అంటారు, నిజంగా సామివాళ్ళు చేసినదానికి ఒక గుర్తు ఉంటుంది, అది చూసి కొనుక్కోవాలి. పక్కన ఫ్యాక్టరీ సరుకు కూడా సగం ధరకి దొరుకుతుంది, మనవాళ్ళు అక్కడే మోసపోతారు.

ఇక్కడ ఒక విషయం చెప్పకపోతే మనసు ఊరుకోదు. అంతకు ముందు ఏడాది మేం ఫిన్లాండ్ వైపు ఒక ప్యాకేజీలో వెళ్ళాం, పేరు వద్దులెండి. అందులో ఆర్కిటిక్ సర్కిల్ దాటినందుకు అని ఒకాయన రంగుల బట్టలు, పెద్ద టోపీ వేసుకుని వచ్చి డప్పులాంటిది కొట్టి మా అందరి నుదుటా మసి బొట్టు పెట్టాడు. మేం ఫోటోలు దిగాం, నేను ఫ్యామిలీ గ్రూపులో ట్రైబల్ డ్రెస్ అని పెట్టా కూడా. యొక్‌మొక్‌లో ఆ ముసలామెకి మా కోడలు ఆ ఫోటో చూపిస్తే ఆమె చూసి ఫోన్ తిరిగి ఇచ్చేసింది, ఏమీ అనలేదు. కాసేపాగి తన పైబట్ట అంచు పట్టుకుని చూపించింది. దాన్ని గాక్తి అంటారు, ఆ పట్టీల రంగు, కుట్టు, కాలరు చూస్తే ఈ మనిషిది ఏ ప్రాంతం, ఎవరి తాలూకు అని వాళ్ళలో వాళ్ళకి తెలిసిపోతుందట. మాకు బొట్టు పెట్టినాయన సామి కాదు, ఆ బట్ట ఎవరిదీ కాదు, ఆ తంతు కూడా టూరిస్టుల కోసం కల్పించిందే. ఫిన్లాండ్‌లో ఉన్న సామి పార్లమెంటు, అంటే సామివాళ్ళు ఎన్నుకునే సభ, ఇలాంటివి ఆపమని 2018లో టూరిజం వాళ్ళ కోసం నియమావళి కూడా ఇచ్చింది. మంత్రులు వస్తే మా కోయవాళ్ళ కొమ్ము డాన్సు వాళ్ళని ఎండలో నిలబెట్టి స్వాగతాలు చెప్పించడం నేను ఎన్నిసార్లు చూశానో, అప్పుడు బాధపడినదాన్ని అక్కడికెళ్ళి నేనూ అదే చేశా. ఆ ఫోటో తీసేశా.

ఈసారి సంత మధ్యలోనే ఫిబ్రవరి 6 వచ్చింది, అది సామివాళ్ళ జాతీయ దినం. నాలుగు దేశాల్లోనూ చేసుకుంటారు. 1917లో అదే రోజున నార్వేలో ట్రోండ్‌హైమ్ అనే ఊళ్ళో సామివాళ్ళు దేశాల హద్దులు పక్కనబెట్టి మొదటిసారి మహాసభ పెట్టుకున్నారు, దాన్ని ముందుండి నడిపించింది ఎల్సా లౌలా రెన్‌బెర్గ్ అనే ఆవిడ. మంత్రసాని పని నేర్చుకున్న మనిషి, భూమి హక్కుల కోసం ఊరూరా తిరిగింది. మన పిల్లల జీకే పుస్తకాల్లో ఇలాంటివాళ్ళ పేర్లు ఎప్పుడొస్తాయో. ఆ రోజు జెండా ఎగరేశారు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, మధ్యలో సూర్యుడూ చంద్రుడూ కలిసిన గుండ్రం. యోయిక్ అనే తమ పాట పాడారు. యోయిక్ అంటే మనిషి గురించి పాడటం కాదట, ఆ మనిషినే పాడటమట, మా కోడలు నాకు రెండుసార్లు చెబితే గానీ ఎక్కలేదు.

అదే ఊళ్ళో ఆయ్‌త్తే అని మ్యూజియం ఉంది, 1989లో తెరిచారు. ఆ మాటకి అర్థం సామాను కొట్టు, గాదె లాంటిది. తప్పకుండా రెండు మూడు గంటలు పెట్టుకుని చూడాలి. బట్టలు, వెండి నగలు, డప్పులు ఉన్నాయి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో చర్చివాళ్ళు ఈ డప్పుల్ని దయ్యాలవని లాక్కుని చాలావరకు కాల్చేశారు, ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు 70 దాకా మాత్రమే మిగిలాయట. నార్వే వైపు ఆండర్స్ పౌల్సెన్ అనే పెద్దాయన దగ్గర 1691లో గుంజుకున్న డప్పు డెన్మార్క్ సొత్తుగా ఉండిపోయి 2022లో గానీ సామివాళ్ళ సొంతం కాలేదు, ఇప్పుడది నార్వేలో కారాష్యోక్ అనే ఊరి మ్యూజియంలో ఉంది. 2021లో స్వీడన్ చర్చి ఉప్సాలా పెద్ద చర్చిలో సామివాళ్ళని క్షమాపణ అడిగింది.

స్కూళ్ళ కథ విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. స్వీడన్‌లో 1913లో చట్టం చేసి రెయిన్‌డీర్ల కాపరుల పిల్లలకి వేరే స్కూళ్ళు పెట్టారు, చదువు గుడిసెల్లోనే చెప్పేవాళ్ళు, మంచి ఇళ్ళు అలవాటైతే మందలు కాయడానికి పనికిరారని. నార్వేలో అయితే అప్పట్లో పిల్లలు స్కూల్లో సొంత భాష మాట్లాడకూడదట. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పిల్లాడు దాహమేసి ఏరు, ఏరు అన్నాడు. కోయలో ఏరు అంటే నీళ్ళు. నేనేమో ఏరు కాదురా, నీళ్ళు అను, అంటేనే ఇస్తా అన్నా. వాడు చాలాసేపు నోరు తెరవలేదు. యొక్‌మొక్ అనే పేరుకి అర్థం ఏంటని అడిగితే మా కోడలు చెప్పింది, సామి భాషలో ఏటి వంపు అని. నాకు ఆ పిల్లాడే కళ్ళ ముందు కనిపించాడు.

ఆ ఏరు కూడా ఇప్పుడు పాత ఏరులా లేదు. లూలే నది మీద వరసగా కరెంటు ప్రాజెక్టులు కట్టారు. పైన సువోర్వా దగ్గర నేషనల్ పార్కులోంచి ముక్క విడదీసి మరీ 1919లో ఆనకట్ట మొదలుపెట్టారు, తర్వాత పలుసార్లు ఎత్తు పెంచారు, పెంచిన ప్రతిసారీ ఒడ్డున ఉన్న సామి కుటుంబాలు సామాను ఎత్తుకుని ఇంకొంచెం పైకి జరిగాయి. మేం పోలవరం ముంపు ఊళ్ళలో పనిచేసినవాళ్ళం కదా, ఇది మాకు ఎవరూ వివరించక్కర్లేదు. తర్వాత కిరూనా వెళ్ళినప్పుడు కూడా అదే అనిపించింది. ఇనుప గని కింద తవ్వేకొద్దీ ఊరు కుంగుతోందని ఊరినే జరుపుతున్నారు. 1912లో కట్టడం పూర్తయిన చెక్క చర్చిని, సామి గుడిసె ఆకారం చూసి కట్టిందది, 672 టన్నుల బరువు, 2025 ఆగస్టులో విప్పకుండా అలాగే బండ్ల మీదకెక్కించి రెండు రోజుల్లో 5 కిలోమీటర్లు జరిపారు. బయట నిలబడి తలెత్తి చూస్తే నమ్మబుద్ధి కాలేదు. చర్చి జరిగింది సరే, రెయిన్‌డీర్లు వెళ్ళే దారులు గనులకి అడ్డం వస్తే వాటిని ఎక్కడికి జరుపుతారని అక్కడి సామివాళ్ళు అడుగుతున్నారు, ఆ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

నార్తర్న్ లైట్స్ నేనూ చూశానండీ, పచ్చటి తెర ఊగినట్టు చాలా అందంగా ఉంది, కాదనను. కానీ మబ్బు పడితే అంతే సంగతులు. నాలుగు రాత్రుల కోసం లక్షలు పెట్టి వచ్చి ఏమీ కనపడక ఉత్తి చేతులతో పోయినవాళ్ళని లూలియోలోనే చూశా. ఈ సంతలు, పండగలు అలా కాదు, చెప్పిన తేదీకి జరుగుతాయి. నార్వేలో కౌటొకైనోలో ఈస్టర్ పండగ ఉంది, మందలు వేసవి మేతకి కదిలే ముందు అందరూ ఊళ్ళో ఉంటారు కాబట్టి పెళ్ళిళ్ళు కూడా అప్పుడే చేసుకుంటారు, పాటల పోటీ ఉంటుంది, రెయిన్‌డీర్ పందేలు ఉంటాయి. జులైలో మాండలెన్ అనే పల్లెలో రిద్దు రిద్దు అని పండగ, 1991లో అక్కడి కుర్రాళ్ళు మొదలుపెట్టింది, మాకు భాష ఎందుకు రాలేదు అని అడుగుతూ పెట్టిన పండగది, ఇప్పుడు వేరే దేశాల ఆదివాసీ కళాకారులు కూడా వస్తున్నారు. నార్వేలోనే ఆల్టా అనే ఊళ్ళో వేల ఏళ్ళ నాటి రాతి బొమ్మలున్నాయి, ఫిన్లాండ్‌లో ఇనారి దగ్గర సీడా మ్యూజియం ఉంది. ఇవేవీ నేనింకా చూడలేదు, చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో రాయించండి.

నేను అడిగేది ఇంతే. టూర్ల పేజీలో ఆకాశం ఫోటో పక్కన ఈ పండగల తేదీలు కూడా వేయండి. ప్యాకేజీలు అమ్మేవాళ్ళని, సామి డ్రెస్ వేసుకుని వచ్చే మనిషి నిజంగా సామివాడేనా అని మీ రిపోర్టర్లు ఒక్క మాట అడగండి.

యొక్‌మొక్ సంత వచ్చే 2027లో ఫిబ్రవరి 4, 5, 6 తేదీల్లో పడుతుంది. ఊళ్ళో హోటళ్ళు చాలా తక్కువ, చాలామంది ఇళ్ళల్లో గదులు అద్దెకిస్తారు, అవి కూడా ముందే అయిపోతాయి, కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇప్పుడే చూసుకోవాలి. బూట్లు మాత్రం ఒక సైజు పెద్దవి కొనుక్కోమనండి, లోపల రెండు జతల ఉన్ని మేజోళ్ళు పట్టాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, భద్రాచలం