చిన్న సీసాలు ఇక ఉండవు, ఆవకాయ ఉంటుంది

మన ఆన్‌లైన్ వైన్ టేస్టింగ్‌కి మొదటి నుంచీ వస్తున్నవాళ్లందరికీ నమస్కారం.

కిందటి శనివారం జూమ్‌లో మన కిట్టులోని తెల్ల వైన్లు పాడైపోయి తేలాయి, ఉన్నవాళ్లు కళ్లారా చూశారు. లేనివాళ్లకి వాట్సాప్ గ్రూపుల్లో రకరకాలుగా చేరింది. కిట్టు ఎండకి పాడైందని ఒకరు, పాత సరుకు అంటగట్టానని ఒకరు. ఇంకొకరైతే ఇంకాస్త ముందుకెళ్లి "ఆవకాయతో వైన్ ఏమిటండీ, అలాగే ఏడుస్తుంది" అని తీర్పు చెప్పేశారు. మూడూ తప్పే. అసలు సంగతి నా నోటితోనే చెబుదామని ఇది రాస్తున్నాను.

ముందు డబ్బుల మాట. ఆ కిట్టు కొన్న ప్రతి ఒక్కరికీ మొత్తం డబ్బు వెనక్కి వేసేశాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. కార్డులో కనిపించడానికి కొద్ది రోజులు పడుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఫ్రీమాంట్‌లో మాది చిన్న వైన్ షాపు. నెలకోసారి ఐదు రకాల వైన్లు వంద మిల్లీలీటర్ల సీసాల్లో మీ ఇంటికొస్తాయి. ఏ వైన్‌కి ఏ వంటో రాసిన కాగితం వారం ముందే వస్తుంది. వంట మీది, వైన్ మాది. శనివారం సాయంత్రం ఎవరిళ్లలో వాళ్లం కంచాలు ముందు పెట్టుకుని ఒక్కోటీ రుచి చూస్తూ మాట్లాడుకుంటాం. కాలిఫోర్నియా దాటి పంపం. డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ అడుగుతూనే ఉన్నారు, కానీ ఈ దేశంలో మందు విషయానికి రాష్ట్రానికో చట్టం. అవన్నీ తట్టుకునే ఓపిక నా షాపుకి లేదు.

ఇక శనివారం. మొదటి సీసా మాంటెరే రీస్లింగ్ అనే తెల్ల వైన్, దానికి జోడీగా ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. మూత తీసి పోయగానే శాన్ రామోన్ నుంచి ఒకావిడ గ్లాసు కెమెరాకి దగ్గరగా పెట్టి, "అక్కా, నాది తేనె రంగులో ఉంది. ఇలాగే ఉండాలా?" అన్నారు. ఉండకూడదు. తెల్ల కాగితం వెనక పెట్టి చూస్తే ఆ వైన్ నిమ్మపండు రంగులో, అంచున కాస్త పచ్చగా కనిపించాలి. ఫోల్సమ్‌లో ఉన్న కుర్రాడు వాసన చూసి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్కలా ఉందన్నాడు. ఇంకెవరో "ఇది వైనా, వెనిగరా?" అన్నారు, అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నా చేతిలో ఉన్నదీ అదే రంగు, అదే వాసన.

గాలి తగిలి పాడైన వైన్ లక్షణాలు ఇవే. రంగు ముదురుతుంది, పండు వాసన పోయి దెబ్బ తిన్న ఆపిల్ వాసన వస్తుంది, నాలుక మీద చప్పబడుతుంది. రెండో సీసా గెవర్జ్‌ట్రామినర్, అదీ తెల్ల వైనే, అదీ అంతే. మూడోది అల్బరీన్యో, ఇంకో తెల్ల వైన్, అదీ పోయింది. నాలుగోది అమడోర్ బార్బెరా ఎర్ర వైన్ కాబట్టి చాలావరకు నిలబడింది. ఎర్ర వైన్లలో తొక్కల నుంచి వచ్చే పదార్థాలు ఉంటాయి, గాలిని కొంత అవి ఓర్చుకుంటాయి. గోంగూర మాంసం వండుకున్నవాళ్లు ఒక్కరే ఆ పూట సుఖపడ్డారు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొద్దాం. ఈ చిన్న సీసాలు నేను నింపను, నింపకూడదు కూడా. నా లైసెన్సు సీలు వేసిన సీసాలు అమ్ముకోవడానికి మాత్రమే. పెద్ద సీసా తెరిచి చిన్న సీసాల్లో పోసి అమ్మాలంటే ఫెడరల్ పర్మిట్ ఉన్న బాట్లింగ్ చోటే చెయ్యాలి. అందుకని ఆ పర్మిట్ ఉన్న ఒక సంస్థకి ఈ పని ఇస్తూ వచ్చాను. పేరు రాయను. మంచిగా ఉన్నంతకాలం వాళ్ల పని బాగానే ఉంది, ఆ మాట కాదనను.

ఆదివారం పొద్దున్నే ఫొటోలతో మెయిల్ పెట్టాను. సోమవారం జవాబొచ్చింది: ట్రక్కులో ఎండ తగిలి ఉంటుంది, జులైలో ఇది మామూలే, తర్వాతి ఆర్డరులో కొంత తగ్గిస్తాం. నాకు ఒళ్లు మండింది. ఫ్రెస్నో వైపు జులై ఎండలు ఎలా ఉంటాయో నాకు వాళ్లు చెప్పక్కర్లేదు. ఆ వైపు పార్సిళ్లు సోమవారమే బయల్దేరదీసి, ఐసు ప్యాకులు పెట్టి పంపుతాను, వారాంతం గోదాములో పడి ఉండకూడదని. అయినా ఎండ వాదన ఇక్కడ నిలవదు. నేను శనివారం తాగిన సీసా ట్రక్కే ఎక్కలేదు. వాళ్ల దగ్గర్నుంచి నేనే కారులో ఏసీ వేసుకుని తెచ్చి షాపు ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ పెట్టెలో మిగిలినవాటిలో కొన్ని తెరిచి చూశాను, అన్నీ తేనె రంగే. ఎండ దెబ్బ తిన్న వైన్ వేరేగా ఉంటుంది, ఉడికించిన జామ్ రుచి వస్తుంది, లోపలి ద్రవం ఉబ్బి మూత పక్కన కారిన జాడ ఉంటుంది. ఒక్క సీసాకీ ఆ జాడ లేదు.

మరి ఏమైంది? అదే పెట్టెలోంచి తెరవని సీసాలు కొన్ని బల్ల మీద వరుసగా నిలబెట్టాను. కొన్నిట్లో వైన్ మెడ పైదాకా ఉంది, కొన్నిట్లో భుజం దగ్గరే ఆగిపోయింది. మధ్యలో ఉన్నదంతా గాలి. పెద్ద సీసాలో పది మిల్లీలీటర్ల ఖాళీ ఉంటే 750 మిల్లీలీటర్ల వైన్ దాన్ని మింగుతుంది. వంద మిల్లీలీటర్ల సీసాలో అంతే ఖాళీ ఉంటే ఒక్కో చుక్కకి తగిలే గాలి ఏడున్నర రెట్లు. అందుకే చిన్న సీసాలు నింపేవాళ్లు ముందు నైట్రోజన్ గ్యాసు గానీ ఆర్గాన్ గ్యాసు గానీ ఊది లోపలి గాలిని తరిమేస్తారు, వైన్ పాడవకుండా కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ ఎంతుందో కొలుస్తారు, ఆ తర్వాతే మూత బిగిస్తారు. ఈ లాటుకి, అంటే ఈ విడతలో నింపిన సీసాలకి, గ్యాసు సరిగ్గా ఊదలేదని నా అనుమానం. లాటు రికార్డు చూపించమని అడిగాను. "అది మా అంతర్గత విషయం" అన్నారు. సరే, నా డబ్బు నా అంతర్గత విషయం. డిస్కౌంటు వద్దన్నాను, ఖాతా మూసేశాను.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, పాత సరుకు అంటగట్టానన్న మాట నాకు గుచ్చుకుంది. ఆ రీస్లింగ్ పెద్ద సీసా ఇంకా షాపులో ఉంది. ఎవరైనా వచ్చి అడగండి, తెరిచి చిన్న సీసాది పక్కన పెట్టి చూపిస్తాను.

ఇక ముందు ఏం చెయ్యాలన్నదే నన్ను ఎక్కువ సతాయించింది. ఇంకో బాట్లర్ని వెతకచ్చు. ఇద్దరితో మాట్లాడాను కూడా. కానీ నా కళ్ల ముందు జరగని పనికి నేను మళ్లీ హామీ ఇవ్వాలి. ఇవ్వలేను. అల్యూమినియం డబ్బాల్లో వచ్చే వైన్ ఆలోచించాను. 2020 చివర్లో ఫెడరల్ నిబంధనలు మారి 200, 250, 355 మిల్లీలీటర్ల సైజులు కూడా వచ్చాయి కాబట్టి ఇప్పుడు విడి డబ్బాలు దొరుకుతున్నాయి. నాకు కావలసిన వైన్లు మాత్రం వాటిలో రావు. పైగా కొన్ని డబ్బాల్లో సల్ఫర్ డయాక్సైడ్‌కీ అల్యూమినియంకీ పడక కుళ్లిన గుడ్డు వాసన పుడుతుంది. ముద్దపప్పు ముందు పెట్టుకుని ఆ వాసన పీల్చమని మీకు చెప్పలేను. పూర్తి సీసాలు పంపితే ఖర్చు రెట్టింపు దాటుతుంది, ఐదు తెరిస్తే పెళ్లికొచ్చినంత మంది కావాలి.

చివరికి వైనరీలోనే నింపి సీలు వేసిన 375 మిల్లీలీటర్ల సగం సీసాలకి వచ్చాను. నిర్ణయం తీసుకున్నాక కూడా మనసు ఒప్పుకోలేదు. మనలో ఒంటరిగా వచ్చేవాళ్లున్నారు. రెండు గుక్కలు రుచి చూసి ఊరుకునేవాళ్లున్నారు. "ఇంత కొంచెం కాబట్టే నేను వస్తున్నానక్కా, బాటిల్ తెరిస్తే అమ్మ గుర్తొస్తుంది" అన్న అమ్మాయి ఉంది. వాళ్లకి చిన్న సీసా ఒక ధైర్యం. ఆ ధైర్యం నేను తీసేస్తున్నానా అని నిద్ర పట్టలేదు. మా ఆయన "పాత పద్ధతే ఉంచు, వేరేవాళ్లతో నింపించు, ఎందుకింత పంతం" అన్నాడు. పంతమే అనుకోండి. ఇంకొకరి మిషను తప్పుకి జూమ్‌లో నేను తల దించుకుని కూర్చోవడం ఒక్కసారితో చాలు.

కాబట్టి వచ్చే నెల నుంచి ఐదుకి బదులు మూడు వైన్లు, మూడూ సగం సీసాలు. వీలైనంతవరకు తిప్పే మూతవే తెస్తాను. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే తెల్లవి మూడు రోజులు హాయిగా ఉంటాయి. ఒంటరివాళ్ల కోసం రెండు సీసాల కిట్టు కూడా పెడుతున్నాను. పక్కపక్క అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లు ఒకే కిట్టు పంచుకున్నా నాకేం అభ్యంతరం లేదు, ఇద్దరికీ జూమ్ లింకు ఇస్తాను. పెసరట్టు, అల్లం పచ్చడితో గెవర్జ్‌ట్రామినర్ జోడీ మాత్రం ప్రస్తుతానికి లేనట్టే. సగం సీసాల్లో నాకు నచ్చినది దొరకలేదు. నాకే బాధగా ఉంది.

ఇప్పుడు ఆవకాయ. శనివారం తర్వాత నలుగురైదుగురు మర్యాదగానే సలహా ఇచ్చారు, చీజ్, క్రాకర్లు, బాదం పప్పులు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని. చీజ్ పలకల టేస్టింగులు వైనరీలుండే నాపా లోయ నిండా ఉన్నాయి, శుభ్రంగా వెళ్లండి. మన కంచానికి సరిపోయే వైన్ వెతకడానికే ఈ పని మొదలైంది, అది నేను మార్చను. కారం వైన్‌ని చంపుతుందన్న మాటలో సగమే నిజం. నోట్లో కారం మంట పుట్టించే నరాలనే ఆల్కహాలూ రెచ్చగొడుతుంది. అందుకని పదిహేను శాతం ఉన్న లోడై జిన్‌ఫండెల్ ఎర్ర వైన్‌తో ఆవకాయ తింటే చెవుల్లోంచి పొగలొస్తాయి. ఒగరు ఎక్కువున్న ఎర్ర వైన్లూ అంతే, మంటని పెంచుతాయి. అదే తొమ్మిది, పది శాతం ఉండి కొంచెం తీపి మిగిలిన రీస్లింగ్ అయితే ఆ తీపి మంటని చల్లారుస్తుంది, దాని పులుపు ఊరగాయ నూనెని కోస్తుంది. పప్పూ నెయ్యీ ఉన్నది కూడా అందుకే. చింతపండు పులిహోరకి పులుపు లేని వైన్ పెడితే నీళ్లలా ఉంటుంది, వైన్ కనీసం కూరంత పుల్లగా ఉండాలి. గోంగూరకి బార్బెరా పెట్టింది ఆ లెక్కతోనే, పులుపు ఎక్కువ, ఒగరు తక్కువ. ఇవన్నీ మనమే కలిసి తేల్చుకున్నవి. మూడు సీసాలు చెడిపోయినంత మాత్రాన క్రాకర్లకి పోతామా?

వచ్చే నెల రెండో శనివారం, సాయంత్రం ఆరున్నరకి. రీస్లింగ్‌తో మళ్లీ ముద్దపప్పు, ఆవకాయ. అది బాకీ, తీర్చాలి. బార్బెరాతో గోంగూర మాంసం, మాంసం తిననివాళ్లకి గోంగూర పప్పు. చివర్లో ఆరెంజ్ మస్కట్ అనే వైన్‌తో పూతరేకులు. పూతరేకులు కిట్టులోనే వస్తాయి, ఆత్రేయపురం నుంచి తెప్పించినవే. వాటికి 2023లో జీఐ గుర్తింపు, అంటే ఊరి పేరుకి దక్కే భౌగోళిక గుర్తింపు, వచ్చాక పేరు పెట్టుకుని ఎవరుపడితే వాళ్లు అమ్ముతున్నారు, అందుకే ఎక్కడివో పెట్టె మీద చూపిస్తాను. ధర పన్నెండు డాలర్లు పెరిగింది. సగం సీసాలు వైనరీలకి కూడా ఖర్చే, వాటిని చవగ్గా ఎవరూ ఇవ్వరు.

తెల్ల వైన్లు ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బయట ఉంచండి, మరీ చల్లగా ఉంటే వాసన రాదు. బార్బెరాని మాత్రం ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి, ఎర్ర వైన్‌కి రూమ్ టెంపరేచర్ అన్నది మన జులై వంటింటి గురించి చెప్పిన మాట కాదు. దయచేసి స్టీలు గ్లాసుల్లో పోసుకోకండి. ఎవరో నాకు తెలుసు, పేరు చెప్పను. ఇంకా కెమెరాలో రంగు కనిపించక మొన్న సగం మందికి తేడా ఆలస్యంగా తెలిసింది, ఒక తెల్ల కాగితం పక్కన పెట్టుకోండి.

ఆర్డర్లు ముందు వారం బుధవారం దాకా తీసుకుంటాను. పార్సిల్ వచ్చినప్పుడు 21 దాటినవాళ్లు ఇంట్లో ఉండి, ఐడీ చూపించి సంతకం చెయ్యాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు తలుపు తీసే ఇళ్లలో పాస్‌పోర్టు చేతికందేలా పెట్టుకోమని చెప్పండి. పోయిన నెల ఒక మామయ్యగారు "మా ఇంట్లో ఇలాంటివి ఎవరూ తాగరు" అని పెట్టెని వెనక్కి పంపేశారు. దాన్ని మళ్లీ పంపే ఖర్చు నాకే పడింది.