లేని గ్రూపు, పోయిన సున్నా

శ్రీకాకుళం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన క్వెరీనీ, దాన్ని వేగంగా నడిపే దారి వెతికే మీ డేటాబేస్ ఆప్టిమైజర్ వేసిన రెండు ప్లాన్లనూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. క్వెరీ లోపలి చిన్న క్వెరీని, అంటే సబ్‌క్వెరీని, ఉన్నదున్నట్టు నడిపితే వచ్చే వరుసల్లో కొన్ని, దాన్ని గ్రూప్ బైగా (వరుసలను గుంపులు చేసి లెక్కించేలా) మార్చి బయటి టేబుల్‌తో జాయిన్ చేసేసరికి, అంటే జతపరిచేసరికి, మాయమవుతున్నాయనీ, అందుకని ఆ మార్పునే మొత్తంగా ఆపేద్దామని మీ వాళ్లు అంటున్నారనీ రాశావు. ఆపవద్దనే నేను చెబుతాను.

ఇది నీకంటే వయసులో పెద్దదైన బగ్గమ్మా. బయటి టేబుల్లోని ప్రతి వరుసకూ సబ్‌క్వెరీని మళ్లీ మళ్లీ నడిపే ఖర్చు తప్పించడానికి, లోపలి టేబుల్‌ను ముందే గ్రూపులు చేసి ఆ ఫలితాన్ని బయటిదానితో జాయిన్ చేసే పద్ధతిని 1982లో వన్ కిమ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించాడు. వరుసలు ఎన్నో లెక్కపెట్టే కౌంట్ ఉన్న చోట ఆ పద్ధతి తప్పు జవాబు ఇస్తుందని 1984లో కీస్లింగ్ చూపించాడు. 1987లో గాన్‌స్కీ, వాంగ్ జత దొరకని వరుసలను కూడా నిలిపే అవుటర్ జాయిన్‌తో దాన్ని సరిదిద్దారు. కౌంట్ బగ్ అన్న పేరు అప్పటి నుంచీ దానికి ఉండిపోయింది.

పొందూరు చుట్టుపక్కల ఊళ్ల చేనేత లెక్కలు రెండు టేబుళ్లలో ఉన్నాయనుకో. మొదటిదాంట్లో ఊరి పేరు, రిజిస్టరులో రాసిన మగ్గాల సంఖ్య. రెండోదాంట్లో నిజంగా నడుస్తున్న ఒక్కో మగ్గానికి ఒక్కో వరుస. రాసిన సంఖ్యా, నడుస్తున్న మగ్గాలూ సరిపోయిన ఊళ్లు కావాలని అడిగాం. ఒక ఊళ్లో మగ్గాలే లేవు, రిజిస్టరులోనూ సున్నా అనే ఉంది. ఆ ఊరు జవాబులో రావాలి. కాని మగ్గాల టేబుల్‌ను ఊరివారీగా గ్రూపు చేస్తే ఆ ఊరికి వరుసే లేదు కనుక గ్రూపే పుట్టదు, గ్రూపు లేనప్పుడు సున్నా కూడా ఉండదు, జాయిన్‌లో ఊరు మొత్తంగా రాలిపోతుంది.

లెఫ్ట్ అవుటర్ జాయిన్ పెడితే ఊరు నిలుస్తుంది గాని, గ్రూపు చేయడం ఎక్కడ జరుగుతుందన్నది చూసుకోవాలి. జాయిన్ చేశాక గ్రూపు చేస్తే రెండు ప్రమాదాలున్నాయి. మగ్గాలు లేని ఊరికి నల్‌లతో, అంటే విలువ లేదన్న గుర్తులతో, నిండిన ఒక వరుస వస్తుంది కదా, కౌంట్ స్టార్ దాన్ని కూడా లెక్కపెట్టి ఒకటి అంటుంది. నేను కాలేజీలో ఈ పాఠం చెప్పినన్నాళ్లూ పిల్లలు ఎక్కువగా పడింది ఇక్కడే. రెండోది, మన జిల్లాలో పేట అనీ వలస అనీ ముగిసే ఊళ్లకు పేర్లు కలుస్తూ ఉంటాయి. ఒకే పేరున్న రెండు ఊళ్లను పేరు మీద గ్రూపు చేస్తే మగ్గాల లెక్క రెట్టింపవుతుంది. పేరుతో జత చేయడం క్వెరీ రాసినవాడి తప్పే అయినా, అతను రాసినదానికి రావలసిన జవాబును మార్చే హక్కు ఆప్టిమైజర్‌కు లేదు.

కాబట్టి గ్రూపును కిమ్ చెప్పినట్టు లోపలే ఉంచి, దాని ఫలితాన్ని లెఫ్ట్ అవుటర్ జాయిన్ చేసి, జత దొరకని వరుసల్లో కౌంట్ స్థానంలో సున్నా నింపడం నాకు నచ్చిన దారి. మీరు రాసిన సవరణలో, ఆ ప్యాచ్‌లో, కౌంట్ అన్న పేరు కనబడితేనే ఈ జాగ్రత్త తీసుకుంటున్నారు, అది చాలదు. వరుసలేమీ లేనప్పుడు మొత్తం కట్టే సమ్, గరిష్ఠం చెప్పే మ్యాక్స్ నల్ ఇస్తాయి. నల్‌తో పోలిక నెగ్గదు కనుక ఊరు ఎలాగూ రాలిపోయేదే, అందుకే వాటి విషయంలో ఈ లోపం బయటపడదు. అదే సమ్‌ను కోలెస్‌లో పెట్టి నల్ అయితే సున్నా అనుకోమని రాసినా, ఇజ్ నల్ అని అడిగినా, కౌంట్ అన్న మాటే లేకుండా అదే బగ్గు తిరిగి వస్తుంది. లోపలి గ్రూపులో సమ్, కౌంట్ వంటివాటిని మాత్రమే లెక్కకట్టి, వాటి చుట్టూ ఉన్న కోలెస్‌నూ కూడికలనూ జాయిన్ పైన లెక్కకడితే, విడిగా ఒక్కొక్కదానికీ మినహాయింపు రాయనక్కరలేదు. సబ్‌క్వెరీలో గ్రూపుల మీద షరతు పెట్టే హావింగ్ ఉంటే మాత్రం ఈ మార్పు చేయకుండా వదిలేయండి. ఖాళీ గ్రూపు హావింగ్‌లో ఓడిపోతే రావలసింది నల్, సున్నా కాదు.

టెస్టుల్లో మగ్గాల టేబుల్ పూర్తిగా ఖాళీగా ఉన్న సందర్భమూ, ఊరి పేరే నల్‌గా ఉన్న వరుసా తప్పక ఉండాలి. ప్రతి క్వెరీనీ మార్పు ఉంచి ఒకసారి, ఆపి ఒకసారి నడిపి, రెండు జవాబులనూ వరుసకు వరుస పోల్చండి.

అవుటర్ జాయిన్ వల్ల జాయిన్ల క్రమాన్ని మార్చుకునే వీలు తగ్గి వేగం పడిపోతుందని మీ వాళ్లు అభ్యంతరం చెప్పవచ్చు. పైనున్న షరతు సమ్ వందకు మించాలి అన్నట్టు నల్‌ను తోసిపుచ్చేదైతే, ఆ అవుటర్ జాయిన్‌ను మామూలు జాయిన్‌గా తగ్గించే నియమం మీ ఆప్టిమైజర్లో ఉందేమో చూడు. ఉంటే దాన్ని ఈ మార్పు తరువాత నడిచేలా పెట్టు. అప్పుడు నిజంగా సున్నా అవసరమైన క్వెరీలే ఆ భారం మోస్తాయి.

ఆశీస్సులతో,
నాన్న