లేబుల్ మీద హోదా ఎవరిది?

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. లియోన్‌లో నువ్వు చేరిన రెస్టారెంట్‌లో వచ్చే నెల నుంచి వైన్ వడ్డించే బాధ్యత నీకు అప్పగిస్తున్నారనీ, ఆలోగా ఫ్రెంచ్ వైన్లలో ఏది ఏ తరగతిదో ఒక పట్టిక వేసి పంపమనీ రాశావు. హోటల్ బార్ స్టోరు లెక్కలు చూసిన ఉద్యోగంలో నేను తాగిన సీసాల కన్నా చదివిన సీసాలే ఎక్కువ కాబట్టి నీకు పనికొచ్చే నాలుగు మాటలు చెప్పగలననుకుంటున్నాను. పట్టిక మాత్రం పంపడం లేదమ్మా, ఎందుకంటే దేశమంతటికీ వర్తించే అటువంటి పట్టిక ఫ్రాన్స్‌లోనే లేదు. అక్కడ ఒక్కో ప్రాంతం ఒక్కోదానికి హోదా ఇచ్చింది. ఒకచోట ఎస్టేటుకు, ఒకచోట పొలానికి, ఇంకొకచోట ఊరికి. అందుచేత పై హోదాను సూచించే 'గ్రాండ్ క్రూ' అన్న మాట కనిపించగానే ఎంత గొప్పదని కాకుండా, ఇక్కడ హోదా దేనికి ఇచ్చారని అడగడం అలవాటు చేసుకో.

(నీ ఉద్యోగం సంగతి మీ పెద్దమ్మకు ఇంకా వివరంగా చెప్పలేదు. 'వైన్స్' అని బోర్డు పెట్టి వైన్ తప్ప మిగతావన్నీ అమ్మే దుకాణాలున్న ఊళ్లో ఆవిడకు నచ్చజెప్పడం నా తరం కాదు.)

ముందుగా అన్ని ప్రాంతాలకూ ఉమ్మడి పునాది అయిన ఏఓసీ గురించి, అంటే ఒక ఊరి లేదా ప్రాంతం పేరుతో వైన్ అమ్మాలంటే పాటించవలసిన నియమాలున్న ప్రభుత్వ గుర్తింపు గురించి తెలుసుకో. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫిలోక్సెరా అనే పేనుబంక జాతి పురుగు ద్రాక్ష వేళ్లను పట్టి ఫ్రాన్స్ తోటలను తుడిచిపెట్టింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మొక్కల మీద ఫ్రెంచ్ తీగలను అంటుకట్టి తోటలను మళ్లీ నిలబెట్టేలోగా సరుకుకు కరువు వచ్చి, నానబెట్టిన ఎండుద్రాక్షతో, చక్కెర నీళ్లతో చేసిన వైన్లు కూడా బజారులోకి వచ్చాయి. పేరున్న ఊళ్ల పేర్లు ఎవరు పడితే వారు వాడుకున్నారు. 1905లో మోసాలను అరికట్టే చట్టం వచ్చినా తగవులు తీరలేదు. ఏ ఊళ్ల ద్రాక్షతో చేసినదాన్ని షాంపేన్ అనాలన్న గొడవ 1911లో అల్లర్ల దాకా వెళ్లింది. చివరకు రోన్ నదీలోయలోని షాటోనఫ్ దు పాప్ రైతులు, న్యాయశాస్త్రం చదివిన బారన్ లరువా నాయకత్వంలో, 1923లో తమకు తామే నియమాలు రాసుకున్నారు: ఏ నేలలో వేయాలి, ఏ రకాలు వేయాలి, కొమ్మ ఎలా కత్తిరించాలి, వైన్‌లో ఆల్కహాల్ కనీసం ఎంత ఉండాలి. ఆ దారిలోనే సెనేటర్ జోసెఫ్ కాపూ చొరవతో 1935 జూలై 30న జాతీయ శాసనం వచ్చింది, 1936లో తొలి ఏఓసీలు ప్రకటించారు, వాటిలో షాటోనఫ్ కూడా ఒకటి. (1954లో ఆ ఊరి మేయరు తమ ద్రాక్షతోటల్లో ఎగిరే పళ్లాలు దిగకూడదని కూడా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. నియమాలంటే వారికి అంత ఇష్టం.)

ఏఓసీ ముద్ర ఆ వైన్ ఏ నేలది, ఏ పద్ధతిలో చేశారు అన్నదానికి పూచీ పడుతుందే తప్ప రుచికి కాదు. మన బంగినపల్లి మామిడికి 2017లో వచ్చిన జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా ఈ కోవలోదే. పండు ఎక్కడిదో అది చెబుతుంది, నీ చేతిలోని పండు పీచు లేకుండా తియ్యగా ఉంటుందని రాసివ్వదు. 2009 యూరోపియన్ సంస్కరణ తరువాత కొన్ని సీసాల మీద ఏఓసీకి బదులు ఏఓపీ అని కనిపిస్తుంది, రెండూ ఒకటే. దాని కింద నియమాలు కాస్త సడలించిన ఐజీపీ, అన్నిటికన్నా కింద 'వాన్ ద ఫ్రాన్స్' ఉంటాయి. అయితే కింది మెట్టు మీద ఉన్నదల్లా నాసిరకం అనుకోకు. స్థానిక ఏఓసీ ఒప్పుకోని ద్రాక్ష రకం వేసుకోవాలనుకునే మంచి రైతు కావాలనే ఐజీపీలోకి వెళ్తాడు. దక్షిణాన లాంగ్‌డాక్‌లో అటువంటివారు చాలామంది ఉన్నారు.

ఇక బోర్డోకు వద్దాం. అక్కడ హోదా షాటోకు, అంటే ఎస్టేటుకు. 1855 పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ జాబితా కోరినప్పుడు బోర్డో వైన్ దళారులు రుచి పోటీలేవీ పెట్టలేదు. ఏళ్ల తరబడి ఏ షాటో సరుకు ఏ ధర పలికిందో చూసి ఎర్ర వైన్లను ఐదు తరగతులుగా విడగొట్టారు. మొదటి తరగతిలో లఫీత్, లతూర్, మార్గో, ఓ బ్రియోన్ నిలిచాయి. ఓ బ్రియోన్ ఒక్కటి తప్ప ఆ ఎర్ర వైన్ల జాబితా అంతా మెడాక్ ప్రాంతానిదే. రెండో తరగతిలో ఉన్న ముతోన్ రోత్‌షిల్డ్‌ను 1973లో మొదటి తరగతికి ఎక్కించడం తప్ప ఆ జాబితాలో చెప్పుకోదగ్గ మార్పు జరగలేదు. హోదా ఎస్టేటు పేరుకు కట్టుబడి ఉంది కాబట్టి, యజమాని ఆ అపెలాసియోన్ (ఏఓసీ పేరు వర్తించే ప్రాంతం) పరిధిలోనే పక్క పొలం కొని కలుపుకున్నా హోదా చెక్కుచెదరదు. నూట డెబ్భై ఏళ్ల నాటి ధరల పట్టీ నేటి వైన్ నాణ్యతకు సాక్ష్యం కాగలదా అంటే కొంతవరకే కాగలదని నా అభిప్రాయం. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి ధర పలికే షాటోలు ఉన్నాయి.

మెడాక్ గులకరాళ్ల నేలలో కాబెర్నే సావిన్యోన్ బాగా పండుతుంది, దోర్దోన్ నది కుడి గట్టున బంకమన్నూ సున్నపురాయీ కలిసిన నేలలో మెర్లో ద్రాక్షది పైచేయి. ఆ కుడి గట్టునే ఉన్న సెంట్ ఎమిలియన్ 1955లో సొంత వర్గీకరణ పెట్టుకుని, దాన్ని పదేళ్లకోసారి తిరగరాయాలనే నియమమూ పెట్టుకుంది. తిరగరాసిన ప్రతిసారీ కోర్టు కేసులే. 2022 జాబితాకు ముందు షెవాల్ బ్లాన్, ఓజోన్, ఆంజెలూస్ వంటి పెద్ద పేర్లే తప్పుకున్నాయి. ఇక్కడ నీకు పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది. 'సెంట్ ఎమిలియన్ గ్రాండ్ క్రూ' అన్నది వర్గీకరణ కాదు, కాస్త కఠినమైన నియమాలున్న ఒక అపెలాసియోన్ మాత్రమే; దాని చివర 'క్లాసే' అన్న మాట చేరితేనే అది వర్గీకరణలో ఉన్న షాటో. పక్కనే ఉన్న పొమెరోల్‌కు ఏ వర్గీకరణా లేదు, అయినా ప్రపంచంలో అతి ఖరీదైన ఎర్ర వైన్లలో ఒకటైన పెత్రూస్ అక్కడిదే. తీపి వైన్ల ఊరైన సోటెర్న్‌లో, సిరోన్ వాగు చల్లని నీరు గారోన్ నదిలో కలిసేచోట శరదృతువులో లేచే పొగమంచు ద్రాక్షకు ఒక మంచి బూజును పట్టిస్తుంది. ఆ బూజు పండులోని నీటిని లాగేసి తీపిని చిక్కబరుస్తుంది. 1855లో తీపి వైన్ల జాబితాలో అందరికన్నా పైన విడిగా కూర్చోబెట్టిన షాటో దికెమ్, పంట నచ్చని 2012లో ఆ పేరుతో ఒక్క సీసా కూడా విడుదల చేయలేదు.

బర్గండీలో లెక్క పూర్తిగా వేరు, నీకు ఎక్కువ కష్టం కలిగించేదీ అదే. అక్కడ హోదా పొలానికి. ఎర్రది పినో న్వార్, తెల్లది షార్డొనే అని గుర్తుంచుకుంటే ద్రాక్ష రకాల సంగతి దాదాపు అయిపోయినట్టే. ఆ పైన చూడవలసిందంతా నేల. ఒకే రైతు చేసిన నాలుగు సీసాలు నీ ముందున్నాయనుకో. మొదటిదాని మీద 'బూర్గోన్' (బర్గండీకి ఫ్రెంచ్ పేరు) అని, రెండోదాని మీద 'జెవ్రే షాంబెర్తాన్' అని, మూడోదాని మీద 'జెవ్రే షాంబెర్తాన్ ప్రెమియే క్రూ, క్లో సెన్ జాక్' అని, నాలుగోదాని మీద 'షాంబెర్తాన్' అని మాత్రమే ఉంటుంది. మొదటిది ప్రాంతీయ వైన్, రెండోది ఊరి వైన్, మూడోది ఆ ఊరి వాలు మీద ఎంచిన పొలం, నాలుగోది గ్రాండ్ క్రూ. చూడు, అన్నిటికన్నా పైదాని మీద ఊరి పేరే లేదు. జెవ్రే అనే ఊరు 1847లో తన ప్రసిద్ధ పొలం పేరును తన పేరు చివర తగిలించుకుంది, పులిన్యీ ఊరివాళ్లు కూడా మోన్రాషే పొలం విషయంలో ఇదే పని చేశారు. కాబట్టి పేరు పొడుగ్గా ఉన్నంత మాత్రాన వైన్ గొప్పది కాదు.

ఇటువంటి గ్రాండ్ క్రూలు బర్గండీలో 33 ఉన్నాయి. వాటిలో దాదాపు 50 హెక్టార్ల క్లో ద వూజో ఒకప్పుడు సిస్టర్షియన్ సన్యాసుల సొత్తు. ఫ్రెంచ్ విప్లవం మఠాల భూములను స్వాధీనం చేసుకుని అమ్మేయడం, తరువాత వచ్చిన వారసత్వ చట్టం ఆస్తిని పిల్లలందరికీ పంచమనడం బర్గండీ పొలాలను ముక్కలు చేశాయి, ఈనాడు క్లో ద వూజో ఒక్కదానికే సుమారు 80 మంది యజమానులు ఉన్నారు. వాలు పైభాగంలో నీరు నిలవని నేలలో వరుసలున్నవారికీ, కింద రోడ్డు పక్కన తడి నేలలో వరుసలున్నవారికీ లేబుల్ మీద హోదా ఒక్కటే. అందుకే బర్గండీ సీసా కొనేటప్పుడు పొలం పేరు కన్నా రైతు పేరే ముందు చూడాలని నేనంటాను. మంచి రైతు చేసిన ఊరి వైన్, అశ్రద్ధగా చేసిన గ్రాండ్ క్రూ కన్నా ఎప్పుడూ మేలే, పైగా ఖర్చు తక్కువ.

షాంపేన్‌లో గ్రాండ్ క్రూ అన్నది ఊరికి. అటువంటి ఊళ్లు 17. కానీ అక్కడ పేరు మోసినవి ఊళ్లు కావు, చాలా ఊళ్ల ద్రాక్షనూ, పలు ఏళ్ల వైన్లనూ కలిపి ఏటా ఒకే తీరు నిలబెట్టే వ్యాపార సంస్థలు. సీసాలోనే రెండోసారి పులియబెట్టి, లేబుల్ మీద పంట సంవత్సరం వేయని రకాన్ని కనీసం 15 నెలలు, సంవత్సరం వేసినదాన్ని కనీసం మూడేళ్లు ఆపాలి. లేబుల్ అడుగున సన్నటి అంకెల ముందు రెండు అక్షరాలు ఉంటాయి, భూతద్దం పట్టుకునైనా వాటిని చదువు. ఆర్ఎం అంటే తన తోట ద్రాక్షతో తానే చేసుకున్న రైతు, ఎన్ఎం అంటే ద్రాక్ష కొని చేసే సంస్థ. ఇంకో మాట, 'ఎక్స్‌ట్రా డ్రై' అన్నది 'బ్రూత్' కన్నా ఎక్కువ తీపిగా ఉంటుంది. తీపి అసలు వద్దనే అతిథికి పొరపాటున అది పోయకు.

అల్సాస్‌లో మాత్రం ద్రాక్ష పేరు లేబుల్ మీదే ఉంటుంది: రీస్లింగ్, గెవుర్ట్స్‌ట్రామినర్, పినో గ్రీ. అక్కడి 51 గ్రాండ్ క్రూలు కూడా బర్గండీలో లాగా పొలాలే. లువార్ నది పొడవునా వర్గీకరణ గొడవ దాదాపు లేదు. సముద్రం దగ్గర మస్కడే, మధ్యలో షెనాన్ ద్రాక్షతో చేసే వువ్రే, ఎగువన సావిన్యోన్ బ్లాన్ ద్రాక్షతో చేసే సాన్‌సేర్ తెలిస్తే ప్రస్తుతానికి చాలు. రోన్ ఉత్తర భాగంలో ఎర్ర వైన్ అంటే సిరా అనే ద్రాక్షది, దక్షిణాన గ్రెనాష్ ద్రాక్ష ముందుండే మిశ్రమాలు. ప్రొవాన్స్ రోజే, అంటే గులాబీ రంగు వైన్, వేసవిలో తానే అమ్ముడుపోతుంది.

మీ ఊరికి పొరుగున ఉన్న బోజొలే సంగతి తప్పనిసరిగా నేర్చుకోవాలి. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ తన నేలల నుంచి పీకేయమన్న గమే ద్రాక్ష రకమే బోజొలే గ్రానైట్ నేలలో చక్కగా పండుతుంది. అక్కడ క్రూ అంటే పది ప్రత్యేక ప్రాంతాలు. మోర్గోన్, ఫ్లూరీ, ములాన్ ఆ వాన్ వాటిలోవే. వాటి సీసాల మీద బోజొలే అన్న మాట సాధారణంగా కనిపించదు కాబట్టి, నవంబరు మూడో గురువారం వచ్చే లేత వైన్ తప్ప బోజొలేలో ఏమీ లేదనుకునే అతిథికి ముందు మోర్గోన్ పోసి, తరువాత ఊరు చెప్పు.

జూరా కొండల షాటో షలోన్ మీ జాబితాలో ఉందని రాశావు. పేరులో షాటో ఉన్నా అది ఎస్టేటు కాదు, ఊరి పేరు మీద ఉన్న అపెలాసియోన్. సావన్యాన్ ద్రాక్షతో చేసి, పీపాలో ఈస్టు పొర కింద ఆరేళ్లకు పైగా వదిలేసిన పసుపు వైన్ మాత్రమే ఆ పేరుతో వస్తుంది. సీసా 75 సెంటీలీటర్లు కాకుండా 62 ఉండడం చూసి అతిథి తక్కువ పోశారని అడగవచ్చు. ఒక లీటరు వైన్ అంతకాలం పీపాలో ఉండి ఆవిరి కాగా మిగిలేది సుమారుగా అంతేనని అక్కడివారు చెబుతారు. దాన్ని మరీ చల్లగా ఇవ్వకు, వీలైతే అదే ప్రాంతపు కోంతే జున్నుతో పంపించు.

ఆశీస్సులతో,
నాన్న