పాత పికప్ బండ్లకూ వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల ర్యాలీ జరిగినప్పుడల్లా పత్రికల్లో ఫొటోలు వస్తాయి. ఆస్టిన్, మోరిస్, ల్యాండ్‌మాస్టర్, ఫియట్ బండ్లు మెరుస్తూ వరుసగా నిలబడి ఉంటాయి. వాటి మధ్య సరుకు మోసిన బండి కనిపించడం మాత్రం అరుదు. అలాంటి బండ్లను బాగుచేసుకుని ప్రాణంగా చూసుకునేవాళ్లం ఉన్నాం. మాకు వచ్చిన చిక్కల్లా కాగితాలతోనే. ఆ విషయం మీ పాఠకులకు, రవాణా శాఖకు చెప్పుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నది 1968 నాటి మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్. విల్లీస్ కంపెనీ 1956 చివర్లో అమెరికాలో విడుదల చేసిన ఈ మోడల్‌ను మహీంద్రా వాళ్లు 1960లలో లైసెన్సు తీసుకుని మన దేశంలో తయారుచేశారు. దీనికి ముందు బానెట్ ఉండదు. డ్రైవరు దాదాపు ముందు చక్రాల మీదే కూర్చుంటాడు. ఇంజను క్యాబిన్‌లోనే, రెండు సీట్ల మధ్య మూత కింద ఉంటుంది. మా నాన్నగారు దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని కొల్లిపర వైపు లంకల నుంచి తెనాలికి అరటి గెలలు, దుగ్గిరాల యార్డుకు పసుపు బస్తాలు తోలారు. లారీ చక్రాలు దిగబడే ఇసుకలో కూడా ఫోర్‌వీల్ గేరు వేస్తే ఇది గట్టెక్కి వచ్చేది. తర్వాత డీజిల్ బండ్లు వచ్చాయి, దీన్ని షెడ్డులో పెట్టేశారు. నేను రిటైరయ్యాక బయటకు తీశాను.

ఈ ఇంజను తీరే వేరు. 2.2 లీటర్ల పెట్రోలు ఇంజను, పేరు హరికేన్. ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. అందుకే వాల్వులను తెరిచే ట్యాపెట్ల సందు రెండు చోట్ల సరిచేయాలి. ఇన్‌లెట్‌కు 18 థౌ, ఎగ్జాస్ట్‌కు 16 థౌ గ్యాపు; థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కింది ట్యాపెట్ల కోసం పక్క మూత విప్పి, ఇరుకులో చెయ్యి దూర్చి, సందు కొలిచే పలుచని రేకు, ఫీలర్ గేజ్, పెట్టి చూడాలి. గేర్‌బాక్స్ వెనక, ముందు వెనక చక్రాలకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌లో మధ్య షాఫ్టు అరిగి ఆయిల్ కారుతుంటే విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చాడు. డ్రాయింగ్ ఏమీ లేదు. పాత షాఫ్టును మైక్రోమీటర్‌తో కొలిచి, అరగని చోట కొలతే అసలు కొలతని పట్టుకున్నాడు. ఎడమ పక్క చక్రాల నట్లకు ఎదురు మర ఉంటుంది, విప్పాలంటే కుడివైపుకు తిప్పాలి. కొత్త పంక్చర్ షాపు కుర్రాళ్లకు అది తెలియక బలం పెట్టి బోల్టులు విరగ్గొడతారు, కాబట్టి పక్కనే నిలబడి చెప్పాలి. ఈ మధ్య పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరాక పాత రబ్బరు డయాఫ్రం, కార్బరేటర్ ప్యాకింగులు త్వరగా పోతాయేమోనని ఇథనాల్‌కు తట్టుకునే రకం వెతికి వేశాను. డబ్బు, ఓపిక రెండూ కావాలి. ఇదంతా నాకు ఇష్టమైన పని.

ఇక కాగితాల సంగతి. 2021 జులైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్‌వీలర్లు అర్హం. కొత్తగా రిజిస్టర్ చేయాలంటే రూ. 20,000, తిరిగి చేయించుకోవాలంటే రూ. 5,000. పత్రం పదేళ్లు చెల్లుతుంది. ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డెక్కవచ్చు, రోజువారీ వాడకానికి కుదరదు. మంచి నియమాలే. వాటి ముసాయిదా 2020 నవంబరులో వచ్చినప్పుడు మాత్రం ఫోర్‌వీలర్లలో ఎం1 తరగతినే, అంటే కార్ల వంటి ప్రయాణికుల బండ్లనే పేర్కొన్నారు. పికప్ ఎన్1 తరగతి, సరుకు బండి. నా ఆర్సీ మీద గూడ్స్ అని ఉంది. రవాణా కార్యాలయానికి వెళితే ఒక కౌంటర్‌లో ఇది కమర్షియల్ బండి, వింటేజ్‌కు కుదరదన్నారు. ఇంకో కౌంటర్‌లో కారుగా మార్పించుకుని రమ్మన్నారు. వెనక తొట్టి ఉన్న రెండు సీట్ల బండి కారు ఎలా అవుతుంది? గూడ్స్‌గానే ఉంచితే ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండి కాబట్టి ఏటా ఫిట్‌నెస్‌కు పోవాలి. ఒక్క బస్తా మోయని బండికి, కిరాయి తోలే బండికి ఒకే లెక్క పెడితే ఎలా?

మన శ్రీసిటీలో తయారైన ఇసుజు వి-క్రాస్ పికప్‌ను తెల్ల నంబర్ ప్లేటుతో సొంత బండిగా కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. పికప్ సొంత వాడకానికి ఉండొచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నట్టేగా. 1968 పికప్‌కు ఆ మాట ఎందుకు వర్తించదో నాకు అర్థం కాలేదు.

ఇంకో చిక్కు ఉంది. బండి అసలు రూపంలో ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదని నియమం. కారు విషయంలో ఇది న్యాయమే. సరుకు బండి జీవితం అలా గడవదు. మా నాన్నగారు తొట్టి రేకు తుప్పు పట్టాక తీసేసి, తుమ్మ పలకలు వేయించి ఇనుప పట్టీలు బిగించారు. బరువు ఆపే కమాను కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) ఒక ఆకు, అంటే ఇంకో ఉక్కు పట్టీ, అదనంగా వేయించారు. అప్పట్లో బస్తాలు తోలిన ప్రతి బండికీ ఇలాంటివి జరిగాయి. ఆ పలకలు పీకేసి కొత్త రేకు కొట్టిస్తే కంపెనీ రూపం వస్తుంది కానీ, ఈ ప్రాంతంలో ఆ బండి ఎలా బతికిందో చెప్పే గుర్తు పోతుంది. నేను పీకించను. ఛాసిస్, ఇంజను నంబర్లు ఆర్సీతో సరిపోతే తొట్టి మార్పును తప్పుగా చూడకూడదని నా మనవి.

కార్లను దాచినవాళ్లు చాలామంది ఉన్నవాళ్లే, వాళ్లకు షెడ్డు, డ్రైవరు, మెకానిక్ అమరుతాయి. పికప్, వ్యాన్, చిన్న ట్రక్కు మాత్రం పని అయిపోగానే తుక్కు కొట్టుకు పోయాయి. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లు కూడా తుక్కుకే వెళ్తున్నాయి. ఒక్కో రకంలో ఒక్కటైనా ఆపి పాలిటెక్నిక్‌లకు, ఐటీఐలకు ఇస్తే ఆటోమొబైల్ పిల్లలు విప్పి బిగించి నేర్చుకుంటారు. నేను వర్క్‌షాప్‌లో పాఠం చెప్పినవాణ్ణి. కార్బరేటర్‌ను బొమ్మలో చూసిన పిల్లవాడికి, చేత్తో విప్పిన పిల్లవాడికి తేడా ఎంతో నాకు తెలుసు.

ఎన్1 తరగతిలో 50 ఏళ్లు దాటి, కిరాయికి తిప్పబోమని యజమాని అఫిడవిట్ ఇచ్చిన తేలికపాటి పికప్‌లను వింటేజ్ నియమాల్లో చేర్చమని మన రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ కేంద్రానికి రాయాలి. ఆ లోగా జిల్లా కార్యాలయాల్లో ఏ కౌంటర్‌కు వెళ్లినా ఒకే జవాబు వచ్చేలా స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. అధికారులు ఈ శీర్షికలోనే సమాధానం ఇస్తే, షెడ్లలో బండ్లు పెట్టుకుని ఏం చేయాలో తోచక కూర్చున్న నాలాంటివాళ్లకు దారి తెలుస్తుంది.

– రిటైర్డ్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్, తెనాలి