మన అల్లికల సంఘం: ఈ ఏటి వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

చేసిన పనులన్నీ వరసబెట్టి రాస్తే చదివే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ముఖ్యమైనవే వివరంగా రాస్తున్నాను, జమాఖర్చుల పుస్తకం సమావేశంలో అందరి ముందూ పెడతాం. బతుకమ్మ రోజులు, పిల్లల పరీక్షల రోజులు తప్ప ఆదివారం సాయంత్రం కూర్చోవడం ఈ ఏడాది ఆగలేదు. హన్మకొండకు రాలేని కరీంనగర్, మంచిర్యాల సభ్యులు వీడియో కాల్‌లో కలిశారు. కాల్‌లో మాటలకంటే చేతులు కనబడటం ముఖ్యం, అందుకే కెమెరా మొహం మీద కాకుండా ఒళ్లోని సూదుల మీదికి తిప్పి పెట్టాలన్న పద్ధతి తెచ్చాం. దాంతో కొత్తవాళ్ల కుట్టు ఎక్కడ జారుతుందో అప్పటికప్పుడే పట్టుకోగలుగుతున్నాం.

ఈ ఏడాది మన చేతులకు ఎక్కువ పని పెట్టినవి ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లల కోసం అల్లిన టోపీలు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల ఒంట్లో వేడి నిలవదు, ఒంటితో చూస్తే తల పెద్దది కాబట్టి తల నుంచి వేడి ఎక్కువ పోతుంది, అందుకే బిడ్డను తల్లి ఎదకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిలో కూడా తలకు టోపీ పెడతారు. ఇది చలికాలం పనే అనుకోవద్దు, వరంగల్ మే ఎండల్లో కూడా ఆ వార్డుల్లో టోపీలు కావాలి. ఆసుపత్రి సిస్టర్లను అడిగి మూడు నియమాలు పెట్టుకున్నాం: నూగు రాలే ఊలు వద్దు, మెత్తటి కాటన్ దారమే వాడాలి, గుండీలు, పూసలు, పైన బొచ్చు ఉండలు వద్దు. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, వీళ్లకు ఇంకా చిన్నవి కావాలి, కాబట్టి కొలతలు మార్చి అల్లాం. కాటన్ ఊలులాగా సాగి మళ్లీ దగ్గరికి రాదు, రెండు ఉతుకులకే అంచు వదులైపోతుంది. అందుకే అంచుకు మాత్రం ఒకటి రెండు సైజులు సన్న సూది వాడమని చెబుతున్నాం, 4 మిల్లీమీటర్ల సూదితో టోపీ అల్లేవాళ్లు అంచుకు మూడున్నర లేదా మూడుంబావు తీసుకోండి. ఈ పనిలో అందరికంటే ఎక్కువ టోపీలు ఇచ్చింది కాజీపేట నుంచి వచ్చే రిటైర్డ్ రైల్వే సార్. మగవాళ్లకు ఈ పనేంటని బయట అన్నవాళ్లున్నారు. ఆయన టోపీల అంచులు చూస్తే ఆ మాట రాదు. సార్, మీకు సంఘం తరఫున చేతులెత్తి నమస్కారం.

రెండో సంగతి చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మస్తు సంతోషంగా ఉంటుంది. మన చెల్లెలొకామె కాకతీయ తోరణాన్ని స్వెట్టర్ ఛాతీ మీద రెండు రంగుల్లో అల్లాలనుకుంది. మామూలు గ్రాఫ్ కాగితం మీద నలభై గడుల వెడల్పు, నలభై గడుల ఎత్తు గీసింది, అల్లి చూస్తే తోరణం చదునుగా అణిగిపోయి వచ్చింది. కారణం ఏమిటంటే అల్లికలో ఒక్కో కుట్టు చదరం కాదు, ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ. 4 మిల్లీమీటర్ల సూదితో, మధ్యరకం దారంతో సీదా వరస, ఉల్టా వరస అల్లితే 10 సెంటీమీటర్ల ముక్కలో దాదాపు 22 కుట్లు, 30 వరసలు పడతాయి. అంటే ఆమె బొమ్మ 18 సెంటీమీటర్ల వెడల్పుకు 13 సెంటీమీటర్ల ఎత్తే వచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో ఆన్‌లైన్‌లో ఆమెకు ఈ లెక్క విడమరిచి చెప్పారు, ఒకావిడైతే కుట్టు కొలతలకు సరిపోయే గడుల కాగితం తయారు చేసి పంపింది. ముఖం కూడా చూడని మనిషి కోసం అంత తీరిక చేసుకున్నారు. రెండోసారి తోరణం నిటారుగా నిలబడింది. ఆ గడుల కాగితం ఇప్పుడు సంఘం దగ్గర ఉంది, కావాల్సినవాళ్లు తీసుకోండి.

ఆన్‌లైన్‌లో మంచివాళ్లతో పాటు మోసాలూ ఉన్నాయి, ఇది గట్టిగానే చెప్పాలి. అల్లినట్టే కనిపించేలా కంప్యూటర్ పుట్టించిన బొమ్మల ఫొటోలు పెట్టి, క్రోషియా ప్యాటర్న్ (కొక్కెం సూదితో ఎలా అల్లాలో వరసవరసా రాసిన కాగితం) అని చెప్పి డబ్బులు తీసుకుంటున్నారు, మన సభ్యుల్లో కూడా కొందరు కొన్నారు. అవి అల్లడానికి వచ్చేవి కావు. గుర్తుపట్టడం కష్టమేం కాదు: ఫొటో పెద్దది చేసి చూడండి, కుట్లు వరసలుగా సాగకుండా మధ్యలో కరిగిపోయినట్టు కనిపిస్తే వదిలేయండి. లెక్క కూడా చూడండి, గుండ్రటి బొమ్మ ఆరు కుట్లతో మొదలైతే పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు అని వరసకు ఆరు చొప్పున పెరగాలి, నాలుగో వరసకే ముప్పై ఒకటి అని రాసి ఉంటే అది ఎవరూ అల్లి చూడనిది. ఇంకోమాట. నిజంగా కష్టపడి ప్యాటర్న్ రాసినవాళ్ల కాగితాన్ని ఒకరు కొని అందరికీ ఫార్వర్డ్ చేయడం సంఘంలో ఇక కుదరదు. ఉచితంగా ఇచ్చినవి బోలెడున్నాయి, అవి పంచుకుందాం, డబ్బులు పెట్టి కొనాల్సినవి ఎవరికి వారు కొనుక్కుందాం.

దారం సంగతి. లూధియానా నుంచి కలిపి తెప్పించడం బాగానే నడిచింది. ఒకే రంగు అయినా లేబుల్ మీద లాట్ నంబర్, అంటే ఒకేసారి రంగు వేసిన దారానికి ఇచ్చే నంబర్, వేరైతే ఛాయ తేడా వస్తుంది, సగం స్వెట్టర్ అయ్యాక అది కనబడితే విప్పడం తప్ప దారి లేదు, కాబట్టి మీకు ఎంత కావాలో ముందే లెక్కేసి, ఒక ఉండ ఎక్కువే చెప్పండి. యాక్రిలిక్ మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దు, దాని పొంగు చచ్చిపోతుంది, మళ్లీ రాదు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) నేసేవాళ్ల దగ్గర మిగులు నూలు కొని సంచులు, చాపలు అల్లడం మొదలుపెట్టాం, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత మన ఊళ్లోనే ఉండగా ఇన్నాళ్లూ అటు చూడకపోవడం బాగోలేదు. ఆ నూలు గరుకు, పిల్లల వస్తువులకు మాత్రం వాడకండి.

చివరగా ధర. స్వెట్టర్ చూసి “బజార్ల మూడు వందలకే దొరుకుతది కదా” అన్నవాళ్లకు చాలామంది మొహమాటపడి దారం ఖర్చుకే ఇచ్చేశారు. ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చుని అల్లిన గంటలు ఊరికే రావు. వచ్చే ఏడాది నుంచి సంఘం పేరు మీద తీసుకునే ప్రతి ఆర్డర్‌కూ దారం ఖరీదుతో పాటు గంటల కూలి వేరుగా రాసి ఇస్తాం, గంటకు ఎంతన్నది సమావేశంలో అందరం కలిసి తేల్చాలి. బేరమాడేవాళ్లు వెళ్లిపోతే వెళ్లిపోనీండి. ఇష్టమైనవాళ్లకు ఉత్తగా అల్లి ఇవ్వడం మీ ఇష్టం, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

సమావేశానికి వచ్చేటప్పుడు 4 మిల్లీమీటర్ల సూదులు, మీరు అల్లుతున్న పని తెచ్చుకోండి, తోరణం అల్లిన చెల్లె రెండు రంగుల దారాలు వెనక చిక్కుపడకుండా ఎలా పట్టుకోవాలో చూపిస్తానంది. చలికాలం దారం ఆర్డర్ కూడా అక్కడే రాసుకుంటాం.